సమస్య: “మండుటెండల నిసుకలో మంచు గురిసె”

నిర్వాహకులు:
మిత్రులారా, ఈ వారం సమస్య ఇదిగో. ఇదే చివరి పాదంగా వచ్చేలా పద్యం అల్లాలి.

*మండుటెండల నిసుకలో మంచు గురిసె*

పిల్లలతో కారులో ఎడారి చూడ్డానికి వెళ్లిన సందర్భంగా పూరించాలి. ఒక్క షరతు: “కల గన్నాడు” అని తేల్చేయొద్దు. పోయినసారి సగం పూరణలు కలల్లోనే ముగిశాయి.

ఫీనిక్స్ బాబాయి:
మొదటి బోణీ నాదే.

*చిన్నవాండ్రను గొనిపోయి చేరి యచట*
*తెల్ల దిబ్బల పయినుండి దిగగ జారి*
*పాప కేరుచు నాన్నతోఁ బలికె నిట్లు*
*“మండుటెండల నిసుకలో మంచు గురిసె!”*

గుంటూరు మాస్టారు:
బాబాయి గారూ, ధార బాగుంది. కానీ అన్వయం కుదరలేదు. “గొనిపోయి, చేరి” అన్న క్రియలకు కర్త ఎవరు? చివర ఉన్న కర్త పాప ఒక్కతే. అంటే చిన్నవాళ్లను వెంటబెట్టుకెళ్లింది పాపేనా? పైగా “యచట” అంటే ఎక్కడ? ఆ తెల్ల దిబ్బలు ఏ ఊళ్లో ఉన్నాయో పద్యం చెప్పాలిగా.

ఎల్‌పాసో కోడలు:
బాబాయి గారు చెప్పింది మా పక్క ఊరే అయ్యుంటుంది. న్యూమెక్సికోలో వైట్ శాండ్స్. మొదటి పాదం ఇలా మారిస్తే మాస్టారి రెండు ప్రశ్నలూ తీరతాయి:

*వైటుసాండ్సుకుఁ బిల్లలు వచ్చినంత*

ఇప్పుడు నా పూరణ:

*జిప్స మిసుకయై పరచిన సీమలోన*
*కాలు వెట్టిన చల్లనై కాలకుండె*
*బుడతఁ డనె నమ్మ కరచేతఁ బొడిని జూపి*
*“మండుటెండల నిసుకలో మంచు గురిసె”*

ఫీనిక్స్ బాబాయి:
కోడలమ్మా, సవరణ శిరోధార్యం. నీ మూడో పాదం మాత్రం నా పద్యం మొత్తాన్ని దాటేసింది. “అరచేతఁ బొడిని జూపి” అన్నావు చూడు, అక్కడ పిల్లాడు కళ్ల ముందు నిలబడ్డాడు.

గుంటూరు మాస్టారు:
మూడో పాదం బాగుంది, ఒప్పుకుంటాను. రెండో పాదం దగ్గరే ఆగాను. మండుటెండలో ఇసుక మీద కాలు పెడితే కాలకపోవడం ఏమిటి? సూర్యలంక తీరాన మే నెలలో చెప్పులు లేకుండా పది అడుగులు వేసిన వాళ్లెవరూ ఈ మాట అనరు. సమస్యలో వైరుధ్యం ఉండొచ్చు, దాన్ని విప్పే పాదంలో ఇంకో వైరుధ్యం ఉంటే ఎలా?

ఎల్‌పాసో కోడలు:
మాస్టారూ, అది మన సముద్రపు ఇసుక లాంటిది కాదు. అక్కడున్నది జిప్సం అనే ఖనిజం. తెల్లగా ఉండి ఎండను తిప్పికొడుతుంది, వేడిని దాచుకోదు. అందుకే నడివేసవిలో కూడా పిల్లలు చెప్పులు విప్పి తిరుగుతారు. జిప్సం నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి మామూలుగా ఇసుకగా మిగలదు, వాగులూ ఏళ్లూ దాన్ని సముద్రానికి పట్టుకుపోతాయి. ఈ టులరోసా లోయలో పడ్డ నీళ్లకు బయటికి దారి లేదు. కొండల నుంచి కరిగి వచ్చిన జిప్సం లోయలోనే ఆగిపోయి, నీళ్లు ఎండాక స్ఫటికాలవుతుంది. గాలీ ఎండా వాటిని పొడి చేస్తాయి. అలా పేరుకున్న దిబ్బలు 275 చదరపు మైళ్లు. 1933 నుంచి జాతీయ స్మారకంగా ఉండి, 2019 డిసెంబర్‌లో జాతీయ ఉద్యానవనం అయింది.

కాబట్టి “కాలకుండె” అన్నది అతిశయోక్తి కాదు, ఉన్నదున్నట్టు చెప్పే స్వభావోక్తి.

డాలస్ డ్రైవర్:
కోడలు గారు చక్కగా చెప్పారు. మాస్టారు తాను చూడని ఎడారిని కాదనడం ఇది మొదటిసారి కాదు. “పడవ సాగె నెడారిలో బాగుగాను” అన్న సమస్యకు నేను కాలిఫోర్నియా డెత్ వ్యాలీ ఎడారిలో పడవ నడిపిస్తే “అసంభవం, కవి కల్పన” అని కొట్టేశారు. 2023 ఆగస్టులో హిల్లరీ తుపాను వానకు అక్కడి బ్యాడ్‌వాటర్ పల్లంలో నీళ్లు నిలిచి చెరువైంది. 2024 ఫిబ్రవరి వానలకు మళ్లీ నిండితే జనం కయాక్‌లు తెచ్చి నడిపారు. ఆ పద్యం గురించి ఇప్పటికైనా ఒక మాట అనాలి.

ఈసారి పూరణ కూడా అక్కడిదే:

*మృత్యులోయకుఁ బోయిన మిత్రుఁ డొకఁడు*
*ఉప్పు మేటలఁ దెల్లని యొప్పు జూచి*
*చిన్ని కొడుకుతో ననియె చేయి చాచి*
*“మండుటెండల నిసుకలో మంచు గురిసె”*

గుంటూరు మాస్టారు:
మూడో పాదంలో ఒక లఘువు తరిగింది తమ్ముడూ. “ననియెను జేయి చాచి” అంటే గణమూ సరి, సంధీ సరి, యతికీ ఢోకా లేదు.

పడవ సంగతి. సంఘటన నిజమే కావచ్చు. నేను అప్పుడు అడిగింది పద్యంలో చెరువు ఎక్కడుందని. నాలుగు పాదాల్లో ఎక్కడా నీటి చుక్క లేదు, పడవ మాత్రం సాగింది. పేపర్లో వచ్చిన వార్త పద్యంలోని లోటు పూడ్చదు. ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

డాలస్ డ్రైవర్:
“వాన నిలిచిన పల్లాన” అని రెండో పాదంలో ఉంది. పాత పూరణ తీసి మళ్లీ చదవండి.

ఎల్‌పాసో కోడలు:
డ్రైవర్ గారూ, లఘువు సంగతి మాస్టారు చూసుకుంటారు. నా అభ్యంతరం వేరే. మండుటెండలో బ్యాడ్‌వాటర్ ఉప్పు నేల మీదికి చిన్న కొడుకును దింపిన తండ్రిని నాలుగు పాదాల్లో మెచ్చుకుంటున్నారు. సముద్రమట్టానికి 282 అడుగుల కింద ఉన్న నేల అది. 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైన ఫర్నెస్ క్రీక్ అక్కడికి దగ్గరే. వేసవిలో ఉదయం పది దాటాక ఆ లోతట్టున నడవొద్దని పార్కు వాళ్లే చెబుతారు. చల్లగా ఉండే మా వైట్ శాండ్స్‌లో కూడా 2015 ఆగస్టులో ఆల్కలీ ఫ్లాట్ బాటలో నడుస్తూ ఒక జంట ఎండదెబ్బకు ప్రాణాలు పోగొట్టుకుంది. వాళ్ల తొమ్మిదేళ్ల బాబు బతికాడు. నీడ అన్నది లేని చోటు అది. మనిషికి రోజుకు గ్యాలన్ నీళ్లు తీసుకెళ్లమని చెప్పేది ఊరికే కాదు.

పిల్లల్ని పద్యంలోకి తెచ్చినా సరే, వాళ్లను భద్రంగా ఉంచాలని నా పట్టుదల. మిత్రుడు కారు అద్దంలోంచి చూపించినట్టు రాస్తే నాకు పేచీ లేదు.

జోధ్‌పూర్ వదిన:
అందరూ అమెరికాలోనే తిరుగుతున్నారు, కాస్త ఇటు కూడా రండి. జైసల్మేర్ నుంచి సమ్ ఇసుక దిబ్బలకు 40 కిలోమీటర్ల పైచిలుకు దారి. చంటివాడితో వెళ్లేవాళ్లు ఈ కష్టం ఎరుగుదురు.

*పాలపొడి డబ్బ మూతను బాబు దెరువ*
*గాలి రివ్వున వీచఁగఁ గారు మీదఁ*
*దెల్లగా రాలె, నక్కయ్య తెలిపె నిట్లు*
*“మండుటెండల నిసుకలో మంచు గురిసె”*

గుంటూరు మాస్టారు:
అమ్మా, దీనికి వంద మార్కులు. జిప్సం అక్కర్లేదు, ఉప్పు అక్కర్లేదు. ఇంటి నుంచి తీసుకెళ్లిన డబ్బాలోనే మంచు దొరికింది. తమ్ముడు మూత తీయడం, అక్క ముచ్చటపడటం, అమ్మ గుండె గుభేలుమనడం. ఆ మూడోది చెప్పకుండానే వినిపించారు. ఆ రాత్రి పాలకు ఏం చేశారో అన్న టెన్షన్ నాకు ఇంకా పోలేదు.

డాలస్ డ్రైవర్:
పద్యం బాగుంది వదినా, మనసారా అంటున్నాను. “తెలిపె నిట్లు” మాత్రం పాదం నింపడానికి వచ్చింది. బాబాయి గారి “పలికె నిట్లు” కూడా అంతే. మాస్టారు నా దగ్గర లఘువు లెక్కపెట్టారు గానీ, ఆ ఇద్దరి దగ్గరా ఈ “నిట్లు” చూసీ చూడనట్టు వదిలేశారు.

నిర్వాహకులు:
డ్రైవర్ గారు తట్టింది అసలు విషయం. ఇప్పటిదాకా నాలుగు పూరణలు, నాలుగింట్లోనూ సమస్య పాదాన్ని ఎవరో ఒకరి నోట పెట్టేశారు. పిల్లలు ఏమన్నా చెల్లుతుంది కాబట్టి దారి సులువైపోయింది. కోడలు గారి పద్యం నిలబడింది ఎందుకంటే, ఆ బుడతడు మాటతో ఆగకుండా పొడి తెచ్చి చూపించాడు. ఎవరి నోటా పెట్టకుండా కవే స్వయంగా “మంచు గురిసె” అని చెప్పగలరా?

గుంటూరు మాస్టారు:
ఇదిగో, ఎవరి నోటా పెట్టని క్రమాలంకారం. మూడు పాదాల్లో ప్రశ్నలు, సమస్య పాదంలో వరసగా వాటి జవాబులు.

*ఎపుడు మజ్జిగ రుచియించు? నెందులోనఁ*
*బాదముద్రలు నిలుచును? పలుకు, హిమము*
*నేమి యందురు? మేఘమ్ము లేమి చేసె?*
*మండుటెండల – నిసుకలో – మంచు – గురిసె*

ఫీనిక్స్ బాబాయి:
మాస్టారి చెయ్యి పడితే ఇంకేం! మూడో పాదంలో “ఏ”కు “ఏ” కలిసి స్వరయతీ ఉంది, “మి”కి “మి” కలిసి ప్రాసయతీ ఉంది.

ఎల్‌పాసో కోడలు:
గట్టి పద్యమే మాస్టారూ, వేలు పెట్టడానికి సందు లేదు. కానీ ఇందులో ఎడారి లేదు, ప్రయాణం లేదు, పిల్లలు అసలే లేరు. క్రమాలంకారం ఏ సమస్యకైనా సరిపోతుంది. నిర్వాహకులు సందర్భం ఇచ్చింది పిల్లలతో వెళ్లమని. చిన్నపిల్లలకు ఎడారి చూపించడం అంటే వ్యూపాయింట్ దగ్గర కారు ఆపి “అదిగో చూడండి” అనడం కాదు. డెత్ వ్యాలీలో జాబ్రిస్కీ పాయింట్ నుంచి కనబడే ఆ పసుపుపచ్చ మడతల కొండలకు పెద్దవాళ్లం మైమరచిపోతాం. నాలుగేళ్ల పిల్లకు అక్కడ గోడ ఎక్కడమే ఆట. అదే పిల్లను దిబ్బ మీద వదలండి, పురుగు నడిచిన జాడ పట్టుకుని వంగి వంగి వెళ్తుంది. రెండు వరసల సన్నని చుక్కలు దిబ్బ అంచు దాకా పోయి, ఒక పొద మొదట్లో మాయమవుతాయి. అక్కడ గుల్ల ఇసుక తవ్వి వెతుకుతుంది. తెల్ల ఇసుకలో కలిసిపోయే తెల్ల బల్లి ఒకటుంది, అది కనబడితే ఇక కారెక్కించడం మన తరం కాదు. పిల్లలకు ఎడారి మోకాలి ఎత్తులోనే దొరుకుతుంది. పద్యం కూడా ఆ ఎత్తుకు వంగాలని నా కోరిక.

గుంటూరు మాస్టారు:
అమ్మా, అన్నది బాగా అన్నావు. నా పద్యం అలంకారం కోసం రాసిందే. ఈ కొలతతో చూస్తే వదిన గారిదీ నీదీ ముందు నిలుస్తాయి.

జోధ్‌పూర్ వదిన:
కోడలు గారూ, మా అక్కయ్య గారి కుటుంబం ఏప్రిల్‌లో మీ వైపు వస్తోంది, ఆరేళ్ల పాప, రెండేళ్ల బాబు. ఏం చెప్పమంటారు?

ఎల్‌పాసో కోడలు:
పొద్దున్నే రమ్మనండి, లేదా సాయంత్రం. హైవే 70 మీదుగా వస్తారు కదా, పక్కనే క్షిపణి పరీక్షల కేంద్రం ఉంది, పరీక్షలున్నప్పుడు రోడ్డు కొన్ని గంటలు మూసేస్తారు. బయల్దేరే ముందే కనుక్కుంటే పిల్లలతో కారులో ఇరుక్కోరు. నీళ్లు విజిటర్ సెంటర్ దగ్గరే నింపుకోవాలి, లోపల దిబ్బల్లో దొరకవు. జారడానికి గుండ్రటి ప్లాస్టిక్ పళ్లేలు అక్కడి దుకాణంలోనే అమ్ముతారు, అడుగున మైనం రుద్దితే బాగా జారతాయి. లోపలికి ఎనిమిది మైళ్ల దారి, చివరి దాకా వెళ్తే దిబ్బలు ఎత్తుగా ఉంటాయి. కానీ దిబ్బలన్నీ ఒక్కలాగే కనబడతాయి, కారు కనుమరుగయ్యేంత దూరం వెళ్లొద్దు. రెండేళ్ల వాడికి చలువ కళ్లద్దాలు తప్పనిసరి, ఆ తెలుపు కళ్లలో గుచ్చుకుంటుంది.

డాలస్ డ్రైవర్:
నిర్వాహకులు అడిగినట్టు, ఎవరి నోటా పెట్టకుండా:

*చెరువు లెండఁగ మిగిలిన శిలల నుండి*
*గాలి చెక్కిన పలుకులు గగన మెగసి*
*తెలుపు జల్లయి వాలెను దిబ్బ లనఁగ*
*మండుటెండల నిసుకలో మంచు గురిసె*

గుంటూరు మాస్టారు:
తమ్ముడూ, లఘువులన్నీ ఉన్నాయి, లెక్కపెట్టాను. పద్యం చాలా బాగుంది. చివరి పాదం ఎవరి మాటా కాకుండా జరిగిన పనిగా వచ్చింది. నీ పడవ పద్యం కూడా మళ్లీ తీసి చదివాను. “పల్లాన” దగ్గర వాన ఉంది. దానికి పెట్టిన అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను.

ఎల్‌పాసో కోడలు:
ఒక్క మార్పు. ఆ రేణువులు ఆకాశానికి ఎగరవు. గాలికి నేల వెంబడే చిన్న చిన్న గంతులు వేస్తూ దిబ్బ ఎక్కుతాయి. పిల్లలు ఒంగి చూసేది ఆ గంతుల్నే.

*గాలి చెక్కిన పలుకులు గంతు లిడుచు*

డాలస్ డ్రైవర్:
గంతులతో పద్యంలోకి పిల్లలు కూడా వచ్చేశారు. ఈ పాదమే ఉంచేస్తున్నాను, మీకు నమస్కారం.

ఫీనిక్స్ బాబాయి:
నా ఓటు దీనికే. వదిన గారి పాలపొడికి సగం ఓటు.

నిర్వాహకులు:
ఓట్లలో సగాలు కుదరవు బాబాయి గారూ. కోడలు గారి పూరణ, వదిన గారి పూరణ, డ్రైవర్ గారి రెండో పూరణ సంకలనానికి తీసుకుంటున్నాం. వచ్చే వారం సమస్య:

*ముదుసలికిఁ గొత్త చేతులు మొలిచె నిపుడు*

ఫీనిక్స్ బాబాయి:
ఇది నా పెరట్లోదే! సగ్వారో జెముడుకు చేయిలాంటి మొదటి కొమ్మ రావడానికే 50 నుంచి 75 ఏళ్లు పడుతుంది. మా వీధి చివరిదానికి ఈ మధ్యే భుజం మీద రెండు బుడిపెలు వచ్చాయి, మా మనవరాలు రోజూ వెళ్లి చూసి వస్తోంది. రేపు పొద్దుటికల్లా పద్యం పెడతాను.

గుంటూరు మాస్టారు:
పెట్టండి. కర్త ఎవరో మొదటి పాదంలోనే చెప్పండి.