రెండు వేగాల డ్రైవ్ గేర్‌బాక్స్‌లో మూడో మోటారు వల్ల ఏం లాభం?

ఆరుచక్రాలు:

నమస్కారం. ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ (విద్యార్థి బృందాల రోబో పోటీ) తరహా రోబో కోసం మా బృందం తొలిసారిగా డ్రైవ్ గేర్‌బాక్స్‌ను సొంతంగా గీస్తోంది. బ్యాటరీ, బంపర్లతో కలిపి రోబో బరువు సుమారు 68 కిలోలు ఉంటుంది, చక్రాల వ్యాసం 4 అంగుళాలు. ఒక్కో పక్క మూడు సిమ్ మోటార్లు (ఈ పోటీల్లో వాడే ఒక రకం బ్రష్‌లున్న డీసీ మోటార్లు) ఒకే గేరును తిప్పాలన్నది మా ఆలోచన. మోటారు మీద 12 పళ్ళ పినియన్ (చిన్న గేరు), దానికి 60 పళ్ళ గేరు, ఆ తర్వాత నెమ్మది గేరుకు 24:60, వేగం గేరుకు 40:44 జతలు పెట్టాము. అంటే మొత్తం నిష్పత్తులు 12.5, 5.5 అవుతాయి.

రెండు మోటార్లకు బదులు మూడు పెడితే ఎదుటి రోబోను తోసే బలం ఆ మేరకు పెరుగుతుందని బృందంలో కొందరు నమ్ముతున్నారు. నాకు మాత్రం అనుమానంగా ఉంది. మూడు మోటార్లు ఒక గేరు చుట్టూ పడతాయా, గేరు మార్చే డాగ్‌ను (షాఫ్ట్ మీద జరుగుతూ ఏదో ఒక గేరులో కుదురుకునే పళ్ళ ముక్కను) ఏ షాఫ్ట్ మీద ఉంచాలి అన్నవి కూడా తెలియజేయగలరు.

రాగితీగ:

మీ అనుమానం సరైనదే. నెమ్మది గేరులో తోసే బలాన్ని నిర్ణయించేది నేల మీద చక్రాల పట్టు మాత్రమే, మోటార్ల సంఖ్య కాదు. ఘర్షణ గుణకం 1.1 అనుకుంటే 68 కిలోల రోబో దాదాపు 730 న్యూటన్ల దగ్గర జారిపోతుంది, చక్రాల దగ్గర అది మొత్తం 37 న్యూటన్ మీటర్ల టార్క్. గేర్ల సామర్థ్యం 90 శాతం అనుకొని 12.5తో భాగిస్తే మోటార్లన్నీ కలిసి ఇవ్వవలసింది 3.3 న్యూటన్ మీటర్లు. సిమ్ మోటారు 12 వోల్టుల వద్ద కదలకుండా పట్టేస్తే 131 ఆంపియర్లు తీసుకొని 2.41 న్యూటన్ మీటర్లు ఇస్తుంది కనుక, ఆ 3.3కు సుమారు 190 ఆంపియర్లు కావాలి.

రెండు పక్కలా కలిపి మోటార్లు నాలుగైనా ఆరైనా ఈ 190 ఇంచుమించు మారదు, ఎందుకంటే మొత్తం కరెంటును తేల్చేది గేరు నిష్పత్తి. మారేది పంపకం. నాలుగు మోటార్లయితే ఒక్కొక్కటి 47 ఆంపియర్లు మోయాలి, అది 40 ఆంపియర్ల బ్రేకర్‌ను దాటిన భారం. ఆరయితే ఒక్కొక్కటి 32 మోస్తే చాలు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఒక్కో మోటారులో పుట్టే వేడి 200 వాట్ల నుంచి 95 వాట్ల దగ్గరికి, అంటే సగానికంటే కిందికి, పడిపోతుంది. మూడో మోటారుతో మీరు కొనుక్కుంటున్నది ఈ చల్లదనమే, బలం కాదు. దానికి బదులుగా రెండు పక్కలా కలిపి సుమారు రెండున్నర కిలోల బరువు, రెండు మోటారు కంట్రోలర్లు అదనంగా మోయవలసి ఉంటుంది.

అసలు ప్రమాదం వేగం గేరులో ఉంది. నిష్పత్తి 5.5 ఉన్నప్పుడు చక్రాలు జారాలంటే 400 ఆంపియర్లకు పైగా కావాలి. బ్యాటరీ, తీగలు కలిపి 0.02 ఓమ్‌ల నిరోధం అనుకుంటే అంత కరెంటు రానేరాదు. చక్రాలు జారకముందే వోల్టేజీ 6.3 కిందికి పడిపోతుంది, అక్కడ మొదటి తరం రోబోరియో (రోబోను నడిపే కంప్యూటరు) మోటార్లకు సరఫరా ఆపేస్తుంది. గోడకు గానీ, ఎదుటి రోబోకు గానీ ఆనుకొని వేగం గేరులో త్రాటిల్ నొక్కిన డ్రైవరు మైదానం మధ్యలో నిలిచిపోతాడు. అందుచేత వేగం పడిపోయి కరెంటు పెరిగినప్పుడు దానంతటదే నెమ్మది గేరుకు దిగేలా ప్రోగ్రాం రాసుకోవడం మంచిది. ఒత్తిడిలో ఉన్న డ్రైవరు గేరు మార్చడం మరచిపోతాడు.

పళ్ళచక్రం:

కొలతల సంగతి నేను చెబుతాను. మీరు 20 డయామెట్రల్ పిచ్ (వ్యాసంలో అంగుళానికి 20 పళ్ళ లెక్క) గేర్లు వాడుతున్నారనుకుంటున్నాను. అప్పుడు పళ్ళ మొత్తాన్ని 40తో భాగిస్తే కేంద్ర దూరం అంగుళాల్లో వస్తుంది. 24, 60 కలిపినా 40, 44 కలిపినా 84 అవుతుంది కాబట్టి రెండు జతలకూ దూరం 2.1 అంగుళాలే. ఇది కుదరకపోతే రెండు వేగాల గేర్‌బాక్స్ అన్నదే ఉండదు, మీరు ఆ మెలకువను ముందే పట్టుకున్నారు. తయారీలో అంగుళంలో వెయ్యోవంతులు ఒక మూడు అదనంగా ఇవ్వండి, గేర్లు బిగుసుకోకుండా తిరుగుతాయి.

మొదటి దశలో దూరం 1.8 అంగుళాలు. మోటారు వ్యాసం 2.5 అంగుళాలు కనుక పక్కపక్క మోటార్ల మధ్య కోణం కనీసం 88 డిగ్రీలు ఉండాలి. 90 పెడితే మోటార్ల మధ్య మిగిలేది దాదాపు ఒక మిల్లీమీటరే. 100 డిగ్రీలు పెడితే ఆరు మిల్లీమీటర్లకు పైగా సందు వస్తుంది, మిగిలిన 160 డిగ్రీల వైపు అవుట్‌పుట్ షాఫ్ట్, దాని చివర డాగ్‌ను జరిపే గాలి పిస్టన్ సులువుగా పడతాయి.

డాగ్‌ను అవుట్‌పుట్ షాఫ్ట్ మీద, 60, 44 పళ్ళ గేర్ల మధ్య ఉంచండి. ఆ రెండు గేర్లూ బేరింగుల మీద స్వేచ్ఛగా తిరగాలి, డాగ్ దేనిలో కుదురుకుంటే షాఫ్ట్ దానితో తిరుగుతుంది. డాగ్ పళ్ళ వాలును కొద్దిగా లోపలికి కోస్తే భారం పడినప్పుడు అది గేరును వదలకుండా లోపలికే లాగబడుతుంది. అయితే అదే కారణంగా భారం మీద ఉండగా బయటికి రానని మొరాయిస్తుంది, కనుక గేరు మార్చే క్షణంలో మోటార్లకు పవర్ తగ్గించాలి. రోబో పూర్తిగా ఆగి ఉన్నప్పుడు పళ్ళు ఎదురెదురుగా తగిలి ఆగిపోవచ్చు, పిస్టన్ నొక్కుతూనే ఉంటే చక్రం కాస్త కదలగానే పడుతుంది. గాలి అయిపోతే ఏ గేరులో నిలిచిపోవాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. నా ఓటు నెమ్మది గేరుకే.

ఒక్కటే గేరు:

నాది కాస్త భిన్నాభిప్రాయం. ఇప్పటి బ్రష్‌లెస్ మోటార్లలో కంట్రోలరే కరెంటుకు హద్దు వేయగలదు. మధ్యస్థమైన ఒకే నిష్పత్తి, గట్టి కరెంటు హద్దు ఉంటే పిస్టన్, డాగ్, గాలి ట్యాంకు, వాటితో వచ్చే చికాకులు ఏవీ ఉండవు. మీకు సిమ్ మోటార్లే ఉంటే వేరే మాట. బ్రష్‌లెస్ కొనే స్థితి ఉంటే మాత్రం ఈ గేర్‌బాక్స్ అభ్యాసం కోసం చేస్తున్నారా, గెలుపు కోసం చేస్తున్నారా అని ముందు అడగండి.

రాగితీగ:

ఆ హద్దు బ్యాటరీని కాపాడుతుంది, నిజమే, కాని టార్క్‌ను కూడా తగ్గిస్తుంది. వేగం కోసం ఎంచుకున్న నిష్పత్తితో, హద్దు వేసిన కరెంటుతో చక్రాలు జారేంత బలం రాదు. తోపులాట తక్కువగా ఉండే ఆటల్లో మీ మాటే సరి.

ఆరుచక్రాలు:

అందరికీ ధన్యవాదాలు. మా దగ్గర ఉన్నవి సిమ్ మోటార్లే, కాబట్టి రెండు వేగాలతోనే ముందుకు వెళ్తున్నాము. మోటార్లు మూడా రెండా అన్నది బరువు లెక్క పూర్తయ్యాక తేలుస్తాము. సిమ్‌లు తక్కువపడితే మూడోది మినీ సిమ్ (సిమ్ కంటే చిన్న మోటారు) పెట్టవచ్చా?

పళ్ళచక్రం:

పెట్టవచ్చు. మినీ సిమ్ ఖాళీ వేగం (భారం లేనప్పటి వేగం) 5840, సిమ్‌ది సుమారు 5330 ఆర్‌పీఎం, తేడా పది శాతానికి లోపే. ఒకే పినియన్‌తో రెండూ కలిసి పనిచేస్తాయి, వేగం పెరిగే కొద్దీ మినీ తన వాటాకు మించి మోస్తుంది. అయితే బిగించాక ఒక్కో మోటారును విడిగా, మిగతావాటి తీగలు ఊడదీసి తిప్పి, అన్నీ ఒకే దిక్కుకు తిరుగుతున్నాయో లేదో చూడండి. ఒకసారి మా బృందంలో ఒక మోటారు తీగలు తారుమారయ్యాయి, మిగతా రెండూ దానితో కొట్లాడుతూ రోబోను ఎలాగోలా నడిపించాయి. కాలిన వాసన వచ్చాకగానీ మాకు తెలియలేదు.