అంబాసిడరా, మారుతి 800నా? ఒక్కటే చేపియ్యాలంటె ఏది?

మిర్యాలగూడ పోరడు:
అన్నలూ, మా పెదనాయనది 77 మోడల్ అంబాసిడర్ మార్క్ 3 పెట్రోల్ బండి, మా నాయనది 94 మారుతి 800, రెండు ఇంటెన్క రేకుల షెడ్డుల పడున్నయ్. రెండు చేపిచ్చే పైసల్ లేవు. రోజు తిప్పేది లేదు, ఎప్పుడన్న సాగర్ దాక పోయొస్తె చాలు. ఏది చేపియ్యాలె?

పాలమూరు స్టీరింగ్:
అంబాసిడరే తమ్మీ, అడుగుడెందుకు! స్టీరింగ్ కాడ్నే గేరు, ముందల బెంచి సీటు, డిప్పర్ కొట్టాలంటె, అంటె హెడ్‌లైటు ఎక్కువ తక్కువ చెయ్యాలంటె, ఎడమ కాలితోని కింద బటన్ తొక్కుడు, గిసొంటియి ఇప్పుడు ఏడ దొర్కుతయి? మారుతిలైతె ఇంక రోడ్ల మీద కనవడ్తనే ఉన్నయ్ గద.

కల్వకుర్తి అక్క:
గట్ల తీసిపారేయకుండ్రి. 83 డిసెంబర్ల మారుతి వచ్చినంకనే మా అసొంటోళ్ల ఇండ్లకు కారు వచ్చింది, నేను డ్రైవింగ్ నేర్సుకున్నది గూడ దాని మీదనే. అంబాసిడర్ స్టీరింగ్ నిలవడ్డకాడ తిప్పుతె భుజాలు గుంజుతయ్. అన్నట్టు రెండు 2014ల్నే బందైనయ్, జనవరిల మారుతి, మే నెలల అంబాసిడర్.

దేవరకొండ పాన:
మీరు ప్రేమ మాటలు చెప్తున్రు, నేను షెడ్డు మాట చెప్త. అంబాసిడర్ అసలు ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైను, 1950లది, మార్క్ 3ల 1489 సీసీ ఇంజను, బానెట్ లేపితె లోపట చేతులు పెట్ట జాగ ఉంటది, పానలుంటె ఏదైన ఇప్పొచ్చు, కని ముందల చక్రాల కాడ గ్రీజు కొడ్తనే ఉండాలె. మారుతి 796 సీసీ, మూడు సిలిండర్లు, ముందల చక్రాలకే పవరు, 94ది గనక కార్బురేటరే, కంప్యూటర్ లొల్లి లేదు. దానికి తుప్పే యముడు. కార్పెట్ లేపి ఫ్లోరు మీద స్క్రూడ్రైవర్‌తోని గట్టిగ పొడిచి సూడు, డోర్ల కింది అంచులు గూడ. దిగితె వెల్డింగ్ ఖర్సు మాములుగుండదు. అంబాసిడర్‌కైతె సెల్ఫ్ కొట్టకు, ప్లగ్గులు ఇప్పి ఒక్కో ప్లగ్గు బొక్కల ఇంత ఆయిల్ పోసి ఒక రోజు ఇడ్సిపెట్టి, బండి ముందలికెల్లి ఇంజను తిప్పే హ్యాండిల్ పెట్టి మెల్లగ తిప్పు. తిరిగితె సగం గెలిచినట్టే.

పాలమూరు స్టీరింగ్:
పానన్న చెప్పిండంటె అయిపాయె. కాయితాలు గూడ సూస్కో తమ్మీ, 15 ఏండ్లు దాటినంక ఆర్సీ ఐదేండ్లకోసారి రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ గట్టాలె. పెదనాయన పేరు మీదుంటె ముందుగాల్ల నీ పేరు మీదికి మార్పిచ్చుకో.

మిర్యాలగూడ పోరడు:
పొడిచిన అన్నా. డ్రైవర్ దిక్కు బాగనే ఉంది, ఎడమ దిక్కు పిడి దాక దిగింది, కింద మట్టి కనవడ్తుంది. నాయిన మొకం సూడలేకపోయిన. అంబాసిడర్ హ్యాండిల్ మాత్రం తిరిగింది, మొదాల జర పట్టేసినట్టైంది, తర్వాత నున్నగ తిరిగింది. ఆర్సీ పెద్దమ్మ బీరువల ఉందంట. బ్రేకు రబ్బర్లు, కార్బురేటర్ కిట్టు ఏడ దొర్కుతయి?

దేవరకొండ పాన:
సికింద్రాబాద్ రాణిగంజ్ పో, పాత బండ్ల సామాన్ల దుకాండ్లు ఆడ్నే. పాత రబ్బరు జేబుల ఏస్కపో, దాన్ని సూపెట్టి అడుగు, నోటితోని చెప్తె ఏదో ఒకటి అంటగడ్తరు. మారుతిని మాత్రం కిలోల లెక్కన అమ్మకు, ఇంజను బాగుంటె కొనెటోళ్లున్నరు.

కల్వకుర్తి అక్క:
నేనే ఉన్న. రేటెంతో మెసేజ్ పెట్టు తమ్మీ.