రాగి సంక్లిష్టమా, సంశ్లిష్టమా?

మా తమ్ముడు హన్మకొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాడు. రాగి కాంప్లెక్సులు క్యాన్సర్ కణాల డీఎన్ఏని ఎట్లా దెబ్బతీస్తాయో కాలేజీ సంచికకు తెలుగులో రాసిస్తే, వాడు రాసిన "సంశ్లిష్టం" ప్రతిచోటా "సంక్లిష్టం" అయి అచ్చయింది. టైపు చేసినాయనను అడిగితే రెండూ ఒకటే కదా అన్నాడట.

ఒకటెట్లా అవుతుంది? సంక్లిష్టంలో ఉన్నది క్లేశం, చిక్కు. సంశ్లిష్టంలో ఉన్నది ఆశ్లేషం, కౌగిలి. నడుమ రాగి అయాన్, చుట్టూ దాన్ని నైట్రోజన్‌తోనో ఆక్సిజన్‌తోనో పట్టుకున్న అణువులు, అంటే లైగాండ్లు, కౌగిలి కాక మరేంటి! 1978లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చిన సిస్‌ప్లాటిన్ కూడా ఈ జాతిదే, కాకపోతే నడుమ ఉన్నది ప్లాటినం, అది డీఎన్ఏకి అతుక్కుపోతుంది. రాగిది వేరే తీరు, ఎలక్ట్రాన్ తీసుకుంటుంది, ఇచ్చేస్తుంది, మళ్లీ తీసుకుంటుంది, ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ లాంటి దూకుడు ముక్కలు పుట్టి పక్కనున్న డీఎన్ఏని తెంపుతాయి. ఫినాంథ్రోలిన్ అనే లైగాండ్ పట్టుకున్న రాగి ఇట్లా తెంపుతుందని 1979లోనే అమెరికా శాస్త్రవేత్త సిగ్మన్ బృందం చూపించింది.

తమ్ముడు "తెంపడం" అనకుండా "విదళనం" అన్నాడు. అది నాకు పప్పు బద్దలు చేసినట్టు వినిపిస్తుంది. మీరేమంటారు?

↳ వ్యుత్పత్తి బాగుంది తమ్మీ, కానీ చదివేవాళ్లకు నోరు తిరగాలె కదా. ఇంటర్ పుస్తకంలో "సమన్వయ సమ్మేళనాలు" అని చదువుకున్నాం, అదీ సగం మందికి గుర్తులేదు. నేనైతే రాగి కాంప్లెక్స్ అనే రాస్తా.

↳ అన్నా, కాంప్లెక్స్ అంటే మా వీధిలో షాపింగ్ కాంప్లెక్సే.

↳ మాది వరంగల్ కొత్తవాడ, ఇంట్లో షతరంజీల మగ్గం. విదళనం వద్దు, డబుల్ హెలిక్స్‌కు "ద్వికుండలిని" అంతకన్నా వద్దు. డీఎన్ఏ రెండు పేటల నూలు. ఒక పేట తెగిందా, రెండు పేటలూ తెగాయా అని రాస్తే మా బాపుకు కూడా అర్థమవుతుంది.

↳ అబ్బ, పేట! నేను ల్యాబులో చేసే పని అదే అక్కా. బ్యాక్టీరియాలో ఉండే, ఉంగరంలా మూసుకున్న ప్లాస్మిడ్ డీఎన్ఏ బాగా పురి ఎక్కి, చుట్టుకుపోయి ఉంటుంది. జెల్‌లో పెట్టి కరెంటిస్తే అది ముందుకు ఉరుకుతుంది. రాగి కాంప్లెక్స్ కలిపాక ఒక్క పేట తెగినా పురి విడిపోయి ఉంగరం వదులవుతుంది, అన్నిటికన్నా వెనక పడుతుంది. రెండు పేటలూ ఒకేచోట తెగితే ఉంగరం పోయి తాడు, అది నడుమ ఆగుతుంది. రంగు పట్టించి చూస్తే యూవీ లైటు కింద మూడూ నారింజరంగు గీతల్లా కనిపిస్తాయి. మేం "సూపర్‌కాయిల్" అంటాం, "పురి" అని ఇన్నేళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

↳ మరి రాగి చెంబులో నీళ్లు తాగితే క్యాన్సర్ తగ్గుతుందా? మా అత్తమ్మ అడగమంటున్నది.

↳ దానికీ దీనికీ సంబంధం లేదు వదినా. వీటిలో చాలావరకు గాజు గొట్టంలో, పెంచిన కణాల మీద చూసినవే. మెక్సికోవాళ్లు కాసియోపీనాలనే రాగి మందులను మనుషుల మీద పరీక్షల దాకా తెచ్చారు, అంతే. రాడికల్స్‌కు మంచి కణం, చెడ్డ కణం తేడా తెలియదు, పెద్ద తలనొప్పి అదే. అత్తమ్మను డాక్టరు మందులు మానొద్దని చెప్పండి.

↳ (పోస్టు పెట్టింది నేనే) పేట, పురి, తెగడం, మూడూ తీసుకుంటున్నా. సంశ్లిష్టం మాత్రం వదలను అన్నా, వచ్చే సంచికలో సవరణ వేయిస్తా. అది కూడా "సంక్లిష్టం" అని అచ్చయితే మళ్లీ ఇక్కడికే వస్తా.