పన్ను నొప్పి, పదికి ఏడు, మొదటి మాట

నిద్రపట్టనోడు:
రెండ్రోజులుగా ఇదే బుర్ర తినేస్తోంది. పన్ను నొప్పని వెళ్తే డాక్టర్ ఎలా ఉందన్నాడు, సలుపు అన్నా, కాదు కాదు పోటు అన్నా, ఆఖరికి జివ్వుమంటోంది అన్నా, నిజానికి మూడూ కాదు. సరే పదికి ఎంతన్నాడు, ఏడన్నా. నా ఏడూ పక్కాయన ఏడూ ఒకటేనా అసలు? ఇంత భాష ఉండి మనకే ఇలా ఉంటే ఏమీ లేని రోజుల్లో మొదటి మాట ఎవడన్నాడు, ఎదుటోడికి ఎలా అర్థమైంది?

పాతపెన్ను:
మొదటి మాట జోలికి పోకు. 1866లోనే పారిస్ భాషాశాస్త్ర సంఘం భాష పుట్టుక మీద వ్యాసాలు తీసుకోబోమని నిబంధన రాసుకుంది. మాటకి శిలాజం ఉండదు కదా, జంతువుల అరుపుల్ని అనుకరిస్తే వచ్చిందని ఒకరు, మూలుగులోంచి వచ్చిందని ఇంకొకరు, తేల్చేదెవరు?

గళ్ళనుడికట్టు:
అంత పాతది తేలదు గానీ మన కాలంలోనే ఒక భాష పుట్టింది. మధ్య అమెరికాలోని నికరాగ్వా దేశంలో 1977 తర్వాత చెవిటి పిల్లల్ని స్కూళ్ళలో ఒకచోట చేర్చారు. టీచర్లు పెదాల కదలిక చూసి స్పానిష్ పట్టుకోమని నేర్పితే అది పెద్దగా ఎక్కలేదు, పిల్లలేమో ఎవరింట్లో వాళ్ళు వాడుకునే సైగల్ని ఆటల్లో, బస్సుల్లో కలిపేసుకుని మాట్లాడుకున్నారు. అసలు విషయం ఏంటంటే తర్వాత చేరిన చిన్నపిల్లలు దానికి వ్యాకరణం బిగించారు, పెద్దపిల్లల కంటే వీళ్ళ సైగలే పకడ్బందీగా ఉండేవి. కాబట్టి మొదటి మాట అన్నవాడొక్కడు ఉన్నాడనుకోవడమే తప్పేమో, ఒక్కడే ఉంటే మాటెందుకు?

పాతపెన్ను:
ఇది బాగుంది, ఒప్పుకున్నా.

అరటిగెల:
నొప్పి సంగతికొస్తే విట్‌గెన్‌స్టెయిన్ అనే తత్వవేత్త 1953లో వచ్చిన పుస్తకంలో (అప్పటికి ఆయన లేడు) ఒక ఊహ చెప్తాడు. అందరి దగ్గరా తలో పెట్టె, లోపలున్నదాన్ని అందరూ పెంకుపురుగు అంటారు, కానీ ఎవడి పెట్టెలోకి వాడే చూడగలడు. ఒకడి పెట్టె ఖాళీగా ఉన్నా ఆ మాట నడిచిపోతుంది. సలుపు అనే మాట నీకెలా వచ్చింది? లోపలికి చూసుకుని పేరు పెట్టుకోలేదుగా, బుగ్గ పట్టుకుని కూర్చుంటే పెద్దాళ్ళు సలుపుతోందా అనడిగారు, అలా అంటుకుంది.

నిద్రపట్టనోడు:
అయితే నా పెట్టె ఖాళీ అంటావా, రాత్రి వచ్చి చూడు 😅 అన్నట్టు చెప్పడం మర్చిపోయా, ఆ డాక్టర్ నా మాటలన్నీ విని చిన్న ఇనుప కడ్డీతో ఒక్కో పన్నూ తట్టుకుంటూ వచ్చాడు, నాలుగోదాని దగ్గర ఎగిరిపడి అరిచా, ఆఁ ఇదన్నమాట అన్నాడు.

గళ్ళనుడికట్టు:
ఆ అరుపుని మాట కింద లెక్కేస్తావా లేదా, అది చెప్పు ముందు.