పదేళ్లు దాటిన డెస్క్‌టాప్‌లో ముందుగా ఏ భాగం మార్చాలి?

నమస్కారం. గుంటూరు అరండల్‌పేటలోని మా డీటీపీ సెంటరు కంప్యూటరు విషయంలో తెలిసినవారి సలహా కోరుతున్నాను. అందులో నాలుగో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్ ఉన్నాయి.

ఫోటోషాప్‌లో శుభలేఖ ఫైలు తెరిస్తే చాలు, క్యాబినెట్ మీద హార్డ్‌డిస్క్ పనిని సూచించే ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూ ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తున్నా ప్రాసెసర్ మీద మాత్రం సగం భారం కూడా పడదు. కాబట్టి హార్డ్‌డిస్క్ బదులు, దానికంటే వేగంగా పనిచేసే సాటా ఎస్‌ఎస్‌డీ వేసి, ఆ బోర్డు 16 జీబీ వరకు తీసుకుంటుంది గనుక ర్యామ్‌ను కూడా పెంచితే ఈ యంత్రం మరికొంతకాలం పనికి వస్తుందని నా నమ్మకం.

అయితే ఇందులో నడుస్తున్న విండోస్ 10కు మామూలు మద్దతు (భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. దానికి మారాలంటే బోర్డు కూడా మార్చవలసిందే. ఎస్‌ఎస్‌డీని అప్పుడు కొత్త బోర్డుకు తగిలించుకోవచ్చు గానీ, నేడు కొన్న డీడీఆర్3 ర్యామ్ అక్కడ పనికిరాదు.

ఖాతాదారుల ఫైళ్లన్నీ ఇందులోనే ఉన్నందున భద్రత నాకు ముఖ్యం. ప్రస్తుతానికి ఎస్‌ఎస్‌డీతో సరిపెట్టుకోవాలా, ర్యామ్ కూడా వేయించాలా, లేక ఆ డబ్బు కొత్త బోర్డుకే దాచుకోవాలా? ఇన్నేళ్లు వాడిన ఎస్‌ఎంపీఎస్‌ను (భాగాలకు కరెంటు అందించే పెట్టెను) అలాగే ఉంచవచ్చా? దయచేసి కారణాలతో సహా చెప్పగలరు.