పాల కేంద్రం యాప్: ఫ్లటరా, కాట్లినా?

పాలచీటీ
చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో పాల సేకరణ కేంద్రాలకు యాప్ కావాలి. రైతు పాలు పోయగానే బ్లూటూత్ కాటా నుంచి బరువు రావాలి, 58 ఎంఎం ప్రింటర్‌లో తెలుగు చీటీ రావాలి. ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థం) చేత్తో ఎక్కిస్తారు. సిగ్నల్ అంతంతమాత్రం. కేంద్రాల్లో 3 జీబీ ర్యామ్ ఆండ్రాయిడ్ ఫోన్లున్నాయి. యజమానిది ఐఫోన్, ఆయనకు లెక్కలు కనబడితే చాలు. ఫ్లటర్‌లో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ కలిపి రాసేద్దామా, ఆండ్రాయిడ్‌కు మాత్రమే కాట్లిన్ భాషలో రాయాలా?

తిరుపతి_ఆండ్రాయిడ్
భాష సంగతి తర్వాత అన్నా, ముందు కాటా చూడండి. సెట్టింగ్స్‌లో జత చేసేటప్పుడు 1234 లాంటి పిన్ అడిగితే అది చాలావరకు పాత క్లాసిక్ బ్లూటూత్, ఎస్‌పీపీ (సీరియల్ కేబుల్ లాగా డేటా పంపే పద్ధతి). తయారీదారుకు యాపిల్ ఎంఎఫ్ఐ అనుమతి (ఐఫోన్‌తో కలిసే పరికరాలకు యాపిల్ ఇచ్చే లైసెన్సు) ఉంటే తప్ప ఐఫోన్ యాప్‌కు అది అందదు. ఫ్లటర్‌లో రాసినా, రియాక్ట్ నేటివ్‌లో రాసినా అంతే. యజమానికి వెబ్ పేజీ ఇచ్చేయండి. ఐఫోన్ యాప్ అంటే మ్యాక్ కావాలి, ఏటా 99 డాలర్లు కట్టాలి. నా ఓటు కాట్లిన్‌కే.

ఇంకోటి, బరువు ఒకే ముక్కగా వస్తుందనుకోవద్దు. ఒకసారి "12." వస్తుంది, తర్వాత "45" వస్తుంది. లైన్ ముగింపు గుర్తు వచ్చేదాకా బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) పోగేసి, అప్పుడే సంఖ్యగా మార్చండి. లేకుంటే 12.45 కిలోలు పోసిన రైతు ఖాతాలో 12 పడుతుంది. వరసగా మూడుసార్లు అదే అంకె వస్తేనే సేవ్ బటన్ తెరవండి. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్ కనెక్ట్ అనుమతి యాప్ నడుస్తుండగా అడగాలి.

డార్ట్_పిల్లోడు
అంతమాత్రాన ఫ్లటర్ వద్దనక్కర్లేదు. రైతుల జాబితా, రేటు చార్టు, బిల్లు డార్ట్‌లో (ఫ్లటర్ వాడే భాష) రాసి, కాటా భాగం ఒక్కటే కాట్లిన్‌లో రాసి ఈవెంట్ చానెల్‌తో (కాట్లిన్ నుంచి డార్ట్‌కు డేటా పంపే దారి) కలపొచ్చు. సాకెట్ (కాటాతో ఉన్న కనెక్షన్) చదవడం వేరే థ్రెడ్‌లో, డార్ట్‌కు పంపడం మాత్రం మెయిన్ థ్రెడ్ నుంచే. ఇది మరిచిపోతే యాప్ పడిపోతుంది. ఎవరూ పట్టించుకోని పాత బ్లూటూత్ ప్లగిన్ జోలికి పోకండి, ఏజీపీ 8 (ఆండ్రాయిడ్ యాప్‌ను బిల్డ్ చేసే గ్రాడిల్ ప్లగిన్) దగ్గర నేమ్‌స్పేస్ లేదని బిల్డ్ ఆగుతుంది. వేగం డీబగ్‌లో చూసి భయపడొద్దు, ప్రొఫైల్ మోడ్‌లో ఆ 3 జీబీ ఫోన్ మీదే కొలవండి.

తిరుపతి_ఆండ్రాయిడ్
నిజమే, ఐఫోన్‌లో కూడా డేటా ఎక్కించే రోజు వస్తుందనుకుంటే ఆ దారే మంచిది.

చీటీ_ముద్ర
అసలు తిప్పలు ప్రింటర్‌తో. మామూలు 58 ఎంఎం ప్రింటర్‌లో తెలుగు ఫాంట్ ఉండదు, అక్షరాలు పంపితే పిచ్చి గుర్తులొస్తాయి. చీటీని 384 చుక్కల వెడల్పు బొమ్మగా గీసి పంపాలి. కాట్లిన్‌లో స్టాటిక్ లేఅవుట్, ఫ్లటర్‌లో టెక్స్ట్ పెయింటర్. ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి. బోల్డ్ వాడండి, సన్నటి గీతలు నలుపు తెలుపులోకి మారేటప్పుడు ఎగిరిపోతాయి. బొమ్మంతా ఒకేసారి తోస్తే చవక ప్రింటర్ బఫర్ నిండి సగం చీటీ చెడుతుంది, కాస్త కాస్త ఆగి ముక్కలుగా పంపండి. ముందు ఎస్‌క్యూలైట్‌లో (ఫోన్‌లోనే ఉండే డేటాబేస్) రాసుకోండి, తర్వాతే ప్రింట్. ప్రతి నమోదుకూ ఫోన్‌లోనే యూయూఐడీ (మరోదానికి రాని గుర్తింపు సంఖ్య) ఇస్తే, సిగ్నల్ వచ్చాక రెండుసార్లు పంపినా సర్వర్‌లో రెండుసార్లు పడకుండా ఆపొచ్చు.

పాలచీటీ
కాటా 1234 అడిగింది. యజమాని వెబ్ పేజీకి సరేనన్నారు, కాట్లిన్‌తోనే మొదలుపెడుతున్నా. బొమ్మ పంపే కమాండ్ ఏది?

చీటీ_ముద్ర
జీఎస్ వీ 0 (GS v 0, చిన్న v). వెడల్పు బైట్లలో, అంటే 384ను 8తో భాగిస్తే 48. ఎత్తు చుక్కల్లో. రెండింటికీ తక్కువ విలువ బైటు (లో బైటు) ముందు పంపాలి.