60 వేల బడ్జెట్‌లో పెళ్లి వీడియోల సిస్టమ్: గ్రాఫిక్ కార్డుకి పెట్టాలా, ప్రాసెసర్‌కి పెట్టాలా?

తణుకు స్టూడియో

అందరికీ నమస్తే. మాది పెళ్లిళ్ల పని, ఫోటోలూ వీడియోలూ రెండూ చేస్తాం. ఇప్పుడున్నది నాలుగో జనరేషన్ ఐ7, పాత కెమెరా ఉన్నంతకాలం బాగానే లాక్కొచ్చింది. సోనీ ఏ7 ఫోర్ తీసుకున్నాక మొదలైంది అసలు టెన్షన్. 4కె 10 బిట్ క్లిప్ టైమ్‌లైన్‌లో వేసి ప్లే కొడితే బొమ్మ ఆగిపోతుంది, మంగళవాయిద్యం మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. రెండో కెమెరా ఏ6400, దాని ఫుటేజ్ పర్వాలేదు. తలంబ్రాల దగ్గర రెండింటినీ కలిపి కట్ చేయాలంటే ప్రాణం పోతోంది.

ట్రెడిషనల్ వీడియో ఎడియస్ సాఫ్ట్‌వేర్‌లో, ఆల్బమ్ ఫోటోషాప్‌లో, క్యాండిడ్ హైలైట్స్ కోసం ఇప్పుడిప్పుడే రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాను. మానిటర్, యూపీఎస్ ఉన్నాయి కాబట్టి 60 వేలూ సీపీయూ బాక్సుకే.

షాపులో ఇచ్చిన కొటేషన్: ఐ5-12400ఎఫ్, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, ఒకే స్టిక్ 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, లైట్లున్న గ్లాస్ క్యాబినెట్. ఎడిటింగ్ అంటే గ్రాఫిక్ కార్డు ఉండాల్సిందే అంటున్నాడు. భీమవరంలో తెలిసిన ఎడిటర్ ఒకాయన మాత్రం కార్డు అసలు వద్దు, ఆ డబ్బు ప్రాసెసర్‌కి పెట్టు అంటున్నారు. ఇద్దరూ గట్టిగానే చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

వరంగల్ ఎడియస్

భీమవరం ఆయన మాట వినండి. ఆ కొటేషన్ గేమ్స్ ఆడే కుర్రాళ్ల కోసం రాసింది, చివర ఉన్న ఆ ఎఫ్ అక్షరమే సాక్ష్యం. ఎఫ్ అంటే ప్రాసెసర్‌లో లోపల గ్రాఫిక్స్ ఉండదు, గ్రాఫిక్స్ లేదంటే క్విక్ సింక్ లేదు, క్విక్ సింక్ లేదంటే పెళ్లి ఎడిటర్‌కి కుడిచెయ్యి లేనట్టే. రెండో జనరేషన్ నుంచీ, అంటే 2011 నుంచీ ఇంటెల్‌లో ఉన్నదే ఇది. వీడియో ఫైల్‌ని విప్పడానికి, మళ్లీ కుదించడానికి చిప్‌లో విడిగా పెట్టిన భాగం. మన దగ్గర ఎడియస్ వాడేవాళ్లందరూ ఇంటెల్‌నే పట్టుకుని ఉండటానికి కారణం కూడా అదే.

బొమ్మ ఆగిపోయేది ఎఫెక్టుల బరువు వల్ల కాదు, ఫైల్ విప్పలేక. మీ ఏ7 ఫోర్ 4:2:2 10 బిట్ రాస్తోంది, అంటే రంగు వివరాలు ఎక్కువ, విప్పడానికి బరువూ ఎక్కువ. ఏ6400 రాసేది 8 బిట్ 4:2:0, రంగు వివరాలు తక్కువ, దాన్ని పాత సిస్టమ్ కూడా విప్పేస్తుంది, అందుకే దానితో ఇబ్బంది లేదు. ఇప్పుడు షాపాయన ఇస్తానంటున్న ఆర్‌టీఎక్స్ 3050 సంగతి చూడండి. ఆ 30 సిరీస్ గానీ తర్వాత వచ్చిన 40 సిరీస్ గానీ 4:2:2 ఫైళ్లను హార్డ్‌వేర్‌లో విప్పవు. ఎంత ఖరీదు కార్డు పెట్టినా అంతే. ఇంటెల్ 12, 13, 14 జనరేషన్లలో లోపలి గ్రాఫిక్స్ మాత్రం హెచ్ఈవీసీ (వీడియోని కుదించే ఒక పద్ధతి) 4:2:2ని విప్పుతుంది. అంటే కొటేషన్‌లో మీకు పనికొచ్చే భాగం తీసేసి, మీ ఇబ్బందికి మందు కాని భాగం పెట్టారు.

నేనైతే ఐ5-12500 గానీ 13500 గానీ తీసుకుంటాను. 12400లో ఉండేది యూహెచ్‌డీ 730, వీడియో ఇంజన్ ఒక్కటే. 12500 నుంచి యూహెచ్‌డీ 770, ఇంజన్లు రెండు. రెండు కెమెరాల మల్టీక్యామ్‌లో ఆ తేడా కంటికి కనిపిస్తుంది. కార్డు మీద మిగిలిన డబ్బుతో 32 జీబీ ర్యామ్, అదీ రెండు స్టిక్కులుగా. లోపలి గ్రాఫిక్స్ వాడుకునేది ఆ ర్యామ్‌నే కాబట్టి ఒక్క స్టిక్ పెడితే దారి సగం మూసేసినట్టు అవుతుంది.

వైజాగ్ కలర్

వరంగల్ అన్నా, మీరు చెప్పింది ఎడియస్ వరకే నిజం. ఆయన రిజాల్వ్ నేర్చుకుంటున్నానని స్పష్టంగా రాశారు. రిజాల్వ్‌లో కలర్, నోడ్స్ (రంగు సరిచేసే ఒక్కో మెట్టు), స్టెబిలైజేషన్ అన్నీ కార్డు మీదే నడుస్తాయి. యూహెచ్‌డీ 770 మీద ఎస్‌లాగ్3 (రంగు తర్వాత దిద్దుకునేలా చప్పగా తీసే సోనీ మోడ్) క్లిప్‌కి రెండు నోడ్లు, కాస్త గ్లో వేసి చూడండి, 4కె టైమ్‌లైన్ పాకుతుంది. కాస్త బరువు పెరిగితే జీపీయూ మెమరీ నిండిపోయిందని మెసేజ్ ఇచ్చి ఆగిపోతుంది.

ఫోటోల పని కూడా లెక్కలోకి తీసుకోవాలి. లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన ఏఐ డీనాయిస్, అదే ఫోటోలో గరుకుదనం తుడిచేది, ఉంది కదా. రాత్రి ముహూర్తం, మండపంలో మసక లైట్లు, ఐఎస్ఓ 6400లో తీసిన ఫోటోలు, అలాంటివి ఒక పెళ్లికి వందల్లో వస్తాయి. ఆర్‌టీఎక్స్ కార్డు మీద ఒక్కో ఫోటో సెకన్లలో అయిపోతుంది, లోపలి గ్రాఫిక్స్ మీద నిమిషాలు పడుతుంది. వందల ఫోటోలకి ఆ నిమిషాలన్నీ కలిపితే ఎన్ని రాత్రులవుతాయో ఆలోచించండి. నేటి పనికే సిస్టమ్ కొంటే రేపు మళ్లీ కొనాల్సి వస్తుంది. కార్డు లేకుండా ఎడిటింగ్ సిస్టమ్ అనే మాటకి నేను ఒప్పుకోను.

సీటీసీ బిల్డర్

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సిస్టమ్స్ అసెంబుల్ చేసేవాణ్ణి. ఇద్దరి వాదనా విన్నాను. నేను చూసేదాంట్లో జనం దెబ్బతినేది ప్రాసెసర్ దగ్గర కంటే చౌక కార్డుల దగ్గర. "గ్రాఫిక్ కార్డు ఉంది" అని చెప్పుకోవడానికి జీటీ 1030 పెట్టి అమ్ముతారు. దాంట్లో ఎన్‌కోడర్, అంటే వీడియోని కుదించే భాగం, అసలు లేదు, ఎక్స్‌పోర్ట్‌కి ఏ సాయమూ చేయదు. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ కూడా అంతే, ఎన్‌కోడర్ లేని కార్డులు. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక ఆర్‌ఎక్స్ 580 లాంటివి కడిగి, కొత్త ఫ్యాన్లు బిగించి మార్కెట్లోకి వదిలారు. అలాంటివి ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. వారంటీ ఉన్న బిల్లు, బిల్లు మీద సీరియల్ నంబర్, ఈ రెండూ లేని కార్డు ముట్టుకోకండి.

ఇంకోటి, ఎస్‌ఎంపీఎస్, అంటే సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పెట్టె. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చే పేరులేని ఎస్‌ఎంపీఎస్ మీద 60 వేల సామాను వేలాడదీయొద్దు. కరెంటు ఎక్కువ తక్కువలు ఉండే ఊళ్లలో బోర్డులు పోయేది ఎక్కువగా దానివల్లే. లైట్లున్న గ్లాస్ క్యాబినెట్ డబ్బు తీసి 80 ప్లస్ బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్‌కి పెట్టండి. 550 వాట్లది పెడితే రేపు కార్డు వేసుకున్నా సరిపోతుంది. మీ యూపీఎస్ కూడా చూసుకోండి, 600 వీఏ అని రాసి ఉన్నది సాధారణంగా 360 వాట్లే మోస్తుంది.

ర్యామ్ గురించి కూడా. 2025 చివర్నుంచి ధరలు మండిపోతున్నాయి, మెమరీ అంతా ఏఐ సర్వర్లకి పోతోంది. అందుకే డీడీఆర్4 స్లాట్లున్న బి660 లేదా బి760 బోర్డు అడగండి. మీ పాత ర్యామ్ డీడీఆర్3, అది దేనికీ పనికిరాదు.

డల్లాస్ నుంచి

ఇంత తలనొప్పి ఎందుకండీ? మ్యాక్ మినీ ఎం4 తీసుకోండి. 2024 నవంబర్‌లో వచ్చినప్పుడు ఇండియాలో 59,900, అచ్చం మీ బడ్జెట్. హెచ్ఈవీసీ 4:2:2 వెన్నలా నడుస్తుంది, కరెంటు ఖర్చు తక్కువ, రిజాల్వ్ దాని మీద చక్కగా ఉంటుంది.

వరంగల్ ఎడియస్

డల్లాస్ అన్నగారూ, మెషీన్ మంచిదే, కాదనను. కానీ ఎడియస్ విండోస్ మీద తప్ప నడవదు. తణుకు ఆయనకి కూడు పెడుతున్నది ట్రెడిషనల్ వీడియో, అది ఎడియస్‌లో ఉంది, ఏళ్ల ప్రాజెక్టులు, టైటిళ్లు అన్నీ అందులోనే ఉంటాయి. పైగా ఆ ధరకి వచ్చేది 256 జీబీ. 100 ఎంబీపీఎస్ 4కె ఫుటేజ్ గంటకి 45 జీబీ తింటుంది, మన పెళ్లి ఎన్ని గంటలో మీకు తెలుసు, పైగా రెండు కెమెరాలు. బయట డిస్కులు తగిలించుకుంటూ పోవాలి.

వైజాగ్ బ్రదర్‌కి జవాబు. డీనాయిస్ విషయంలో మీ మాట నిజం, దానికి కార్డే కావాలి. కలర్ విషయంలోనూ కాదనను. నా వాదన వరస గురించి. క్విక్ సింక్ ఉన్న ప్రాసెసర్ ముందు కొంటే ఆరు నెలలకో సీజన్ అయ్యాకో కార్డు గుచ్చుకోవచ్చు, స్లాట్ ఖాళీగానే ఉంటుంది. ఎఫ్ ప్రాసెసర్ కొన్నాక క్విక్ సింక్ కావాలంటే? ప్రాసెసర్ తీసి అమ్ముకోవాలి, లేదంటే ఇంటెల్ ఆర్క్ కార్డు వెతుక్కోవాలి. ఎఫ్ వల్ల మిగిలేది ఏ కొద్ది వేలో. ఆల్బమ్ సంగతి కూడా చూడండి. 12×36 షీటు 300 డీపీఐలో అంటే 10,800 × 3,600 పిక్సెల్స్. ఫోటోతో నిండిన ఒక్క లేయరే 8 బిట్‌లో 116 ఎంబీ దాటుతుంది. టెంప్లేట్‌లో అలాంటి లేయర్లు డజన్లు, పక్కన ఇంకో మూడు షీట్లు తెరిచి ఉంటాయి. అక్కడ ఆదుకునేది ర్యామ్ గానీ కార్డు కాదు. 16 జీబీతో ఆయన రోజూ ఇబ్బంది పడతారు, కార్డు లేకపోవడం వల్ల వారానికి ఒకరోజు ఇబ్బంది పడతారు.

తణుకు స్టూడియో

చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక డౌట్. వరంగల్ గారు హెచ్ఈవీసీ 4:2:2 అన్నారు. నేను కెమెరాలో ఎక్స్ఏవీసీ ఎస్ 4కె, 25పీ, 4:2:2 10 బిట్ పెట్టి తీస్తున్నాను. అది హెచ్ఈవీసీయేనా?

వైజాగ్ కలర్

కాదు, అదే నేను చెప్పబోతున్నది. ఎక్స్ఏవీసీ ఎస్ అంటే హెచ్.264, హెచ్ఈవీసీ కంటే పాత పద్ధతి. హెచ్.264లో 4:2:2 10 బిట్‌ని యూహెచ్‌డీ 770 కూడా విప్పదు, భారమంతా ప్రాసెసర్ కోర్ల మీదే పడుతుంది. హెచ్ఈవీసీ కావాలంటే ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ పెట్టాలి. ఏ7 ఫోర్‌లో హెచ్ఎస్ 4కె 25పీలో రాదు, 50పీ పెట్టాలి. 50పీ పెడితే సూపర్ 35 క్రాప్ పడుతుంది, అంటే ఫ్రేమ్ అంచులు కోసుకుపోతాయి, 24-70తో స్టేజీ ముందు నిలబడి తీసేవాడికి 24 కాస్తా 36 అయిపోతుంది. చిన్న మండపంలో వెనక్కి జరగడానికి చోటెక్కడ? అంటే వరంగల్ అన్న చెప్పిన మందు ఈయన ఇప్పుడు తీస్తున్న ఫుటేజ్‌కి పనిచేయదు.

2025లో వచ్చిన ఎన్విడియా 50 సిరీస్‌లో ఈ లోటు తీర్చారు. ఆర్‌టీఎక్స్ 5050 కూడా హెచ్.264, హెచ్ఈవీసీ రెండింటిలోనూ 4:2:2ని విప్పుతుంది. 3050 వద్దన్నంత మాత్రాన కార్డే వద్దనడం తప్పు. బడ్జెట్ కొంచెం సాగదీసి 5050 పెట్టండి.

వరంగల్ ఎడియస్

హెచ్.264 విషయం సరిగ్గా పట్టుకున్నారు, అందులో తేడా లేదు. అందుకే 12500 కంటే 13500 వైపు మొగ్గుతాను, అందులో 14 కోర్లు ఉన్నాయి, విప్పే పని కోర్ల మీద పడినా ఆరు కోర్ల కంటే చాలా నయం. కానీ తణుకు అన్నా, అసలు ప్రశ్న ఇంకోటి. మూడు గంటల ట్రెడిషనల్ వీడియోకి 4:2:2 10 బిట్ ఎందుకు? జీలకర్ర బెల్లం, కన్యాదానం, బంధువుల గ్రూప్ ఫోటోలు, వాటికి మీరు గ్రేడింగ్ చేయట్లేదు కదా. అదే ఎక్స్ఏవీసీ ఎస్ 25పీలో 4:2:0 8 బిట్ అనే సెట్టింగ్ ఉంది. అది పెట్టండి, క్రాప్ ఉండదు, ఏ క్విక్ సింక్ అయినా విప్పేస్తుంది. 10 బిట్ ఎస్‌లాగ్‌ని క్యాండిడ్‌కి, అవుట్‌డోర్‌కి దాచుకోండి. ఆ క్లిప్పులు కొన్నే ఉంటాయి కాబట్టి రాత్రి ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికైన నకళ్లు) పెట్టి పడుకుంటే పొద్దునకి తయారు.

ఇక 5050. దాంతో పాటు 32 జీబీ, మంచి ఎస్‌ఎంపీఎస్, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ 60 వేలలో ఇరికించాలంటే ఏదో ఒకటి కోసేయాలి, కోసేది ర్యామ్‌నే. దానికి నేను ఒప్పుకోను.

వైజాగ్ కలర్

క్లయింట్ రేపు మూడు గంటల వీడియోలోంచే రీల్ కట్ చేయమంటాడు, అప్పుడు 8 బిట్‌లో ముఖం మీద ఎల్ఈడీ లైటు రంగు సరిచేయడం నరకం. ర్యామ్ తర్వాత వేసుకోవచ్చు, స్లాట్లు నాలుగున్న బోర్డు తీసుకుంటే చాలు. మీరు కార్డు తర్వాత అంటారు, నేను ర్యామ్ తర్వాత అంటాను.

సీటీసీ బిల్డర్

ర్యామ్ తర్వాత అనే మాట ఇప్పుడున్న ధరల్లో నేనైతే ఏ కస్టమర్‌కీ చెప్పను.

తణుకు అన్నా, ఒక పని చేయండి. మీ ఏ7 ఫోర్ క్లిప్పులు మూడు రకాలూ పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి: 8 బిట్ 25పీ, 10 బిట్ 25పీ, హెచ్ఎస్ 50పీ. షాపులో తయారుగా ఉన్న 13500 సిస్టమ్ మీద ఒకసారి, 50 సిరీస్ కార్డున్న సిస్టమ్ మీద ఒకసారి, ఎడియస్ ట్రయల్ వేయించి ప్లే చేయండి. కార్డు విప్పగలిగినంత మాత్రాన మీ ఎడియస్ వెర్షన్ దాన్ని వాడుకుంటుందని లేదు, అది స్క్రీన్ మీదే తేలాలి. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ కింద వీడియో డీకోడ్ గ్రాఫ్ లేస్తే హార్డ్‌వేర్ పనిచేస్తున్నట్టు, సీపీయూ గ్రాఫ్ ఒక్కటే నూటికి నూరు కొడుతుంటే లేనట్టు. కార్డు ఉన్న సిస్టమ్‌లో లోపలి గ్రాఫిక్స్‌ని బోర్డు ఆఫ్ చేసి ఉంచొచ్చు, బయోస్‌లో ఐజీపీయూ మల్టీ మానిటర్ ఆన్ చేయించాకే చూడండి. డబ్బు కట్టేముందు ఇంత చూపించమంటే మొహం చిట్లించే షాపు అయితే పక్క షాపుకి వెళ్లండి.

తణుకు స్టూడియో

క్లిప్పులు ఇవాళే తీసి పెట్టుకుంటాను. మూఢం అయిపోయేలోపు సిస్టమ్ ఇంటికి రావాలి. 8 బిట్, 10 బిట్ పక్కపక్కన మండపం లైట్లలో తీసి చూస్తాను, వైజాగ్ గారు అన్న రంగు తేడా నా కంటికి ఎంత కనిపిస్తుందో దాన్ని బట్టి కార్డా ర్యామా తేల్చుకుంటాను. ఎఫ్ ప్రాసెసర్, గ్లాస్ క్యాబినెట్ మాత్రం కొటేషన్‌లోంచి ఇప్పుడే కొట్టేయించాను.